ఫోను స్టేషనులో ఉన్న దినములలో

“అయ్యగారూ, ఫోను వాళ్లకిచ్చేస్తే మళ్లీ ఎప్పుడిస్తారు?”

వేధింపుల విషయమై పోలీసులకు ఫిర్యాదు చేయదలచి మా యొద్దకు వచ్చు అక్కచెల్లెండ్రు చాలామారులు మొదట అడుగు ప్రశ్న ఇదే. వాడికి శిక్ష పడుతుందా, కేసు ఎన్నాళ్లు నడుస్తుంది అను మాటలు తరువాత వస్తాయి. పట్టణములో ఇంటికి మూడు ఫోనులున్నవారికి ఇది చిన్న సంగతిగా కనబడవచ్చును. పల్లెలో ఇల్లంతటికీ ఒక్కటే మంచి ఫోను ఉన్నవారికి దాని బరువు తెలుస్తుంది. పొదుపు సంఘము లెక్కలు అందులోనే, పిల్లల బడి కబురు అందులోనే, బ్యాంకులో డబ్బు పడిన సమాచారము అందులోనే. హైదరాబాదులోనో కువైటులోనో కష్టపడుచున్న భర్త ముఖము రాత్రిపూట చూచుకొనేదీ అందులోనే. ఆ ఫోను మీద ఇంకా ఆరు నెలల వాయిదాలు మిగిలి ఉండవచ్చును కూడా. ఫోను స్టేషనులో ఉన్నదని వాయిదాల కంపెనీవాడు ఆగడు కదా!

ఈ ఒక్క భయముచేత ఫిర్యాదు మానుకొని, రాత్రింబవళ్లు ఆ పాడు మెసేజిలను సహించినవారిని మేము ఎరుగుదుము. ఫిర్యాదు ఇచ్చి నెల తిరుగకముందే “కేసూ వద్దు ఏమీ వద్దు, నా ఫోను నాకిప్పించండి చాలు” అని కన్నీటితో వచ్చినవారినీ ఎరుగుదుము. అందుచేత ఈ నెల మన కుటుంబములవారితో ఈ విషయమే మాట్లాడదలచాము. చట్టము సంగతి కొంత చెప్పవలెను, ఇంటి సంగతి ఎక్కువ చెప్పవలెను.

అసలు ఫోను ఎందుకు ఉంచుకుంటారు?

ఎదుటివాడు పంపిన మెసేజి, ఫొటో, వాయిస్ రికార్డింగు, ఇవన్నియు కేసుకు సాక్ష్యము. స్క్రీన్‌షాట్ తీసి ఇస్తే చాలదా అని అడుగుతారు. స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా తయారుచేయవచ్చునని ముద్దాయి తరఫు లాయరు కోర్టులో లేచి అంటాడు. 2020 జూలైలో సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో ఈ సంగతిని తేటపరచింది. అసలు పరికరమును దాని సొంతదారే కోర్టుకు తెచ్చి రుజువుపరిస్తే వేరే సర్టిఫికెట్ అక్కరలేదు. నకలు మాత్రమే దాఖలు చేస్తే చట్టము కోరిన సర్టిఫికెట్ తప్పనిసరిగా ఉండవలెను. ఆ సర్టిఫికెట్ ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ఇవ్వాలి. అందులో ‘హ్యాష్’ అను ఒక పెద్ద సంఖ్య వ్రాస్తారు. మూటకు లక్కముద్ర వేసినట్టు అనుకొనండి. లోపల ఒక్క అక్షరము మారినా ఆ సంఖ్య మారిపోతుంది, ఎవరో చేయి పెట్టారని తెలిసిపోతుంది.

కాబట్టి ఎస్.ఐ. గారు ఫోను అడిగారంటే ఫిర్యాదుచేసిన అమ్మాయిని అనుమానించారని అర్థము కాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 106వ సెక్షను ఆ అధికారమును ఇస్తుంది. పాత చట్టములో అది 102వ సెక్షను. అయితే తీసుకున్న వస్తువును గూర్చి మేజిస్ట్రేటుకు రిపోర్టు పంపవలెనని కూడా అదే సెక్షను చెబుతుంది. అనగా ఫోను స్టేషను బీరువాలో ఉన్నను దాని మీద కోర్టు కన్ను ఉంటుంది. ఈ ఒక్క మాట జ్ఞాపకముంచుకుంటే తరువాత దారి కనబడుతుంది.

ఆలస్యము ఎక్కడ జరుగుతుందనగా, ఫోరెన్సిక్ ల్యాబు దగ్గర. తెలంగాణలో హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ల్యాబుకు అనేక జిల్లాలనుండి ఫోనులు వెళ్తాయి. హత్య కేసుల ఫోనులూ, మోసము కేసుల ఫోనులూ అన్నీ అదే వరుసలో నిలబడతాయి. నెలలు గడుస్తాయి. స్టేషనులో ఎన్నిసార్లు అడిగినా “రిపోర్టు రాలేదమ్మా” అనే జవాబు వస్తుంది. చాలామారులు అది నిజమే.

కేవలము కాల్స్ మాత్రమే వచ్చి, మెసేజిలు ఏమియు లేనియెడల ఆ కాల్స్ వివరములను పోలీసులు టెలిఫోను కంపెనీ నుండి తెప్పించుకుంటారు. అప్పుడు ఫోను ఎందుకని మర్యాదగా అడుగవచ్చును. మెసేజిలు ఉన్నను, జిల్లా సైబర్ విభాగములో నకలు తీసి ఫోను తిరిగి ఇచ్చు వీలున్నదా అని ఒక తెల్లకాగితము మీద వ్రాసి ఇవ్వవచ్చును. అధికారి ఒప్పుకుంటే మేలే. ఒప్పుకోకపోయినా అడిగినట్టు కాగితము మిగులుతుంది.

ఇచ్చునప్పుడు

స్టేషనుకు వెళ్లకముందు ఒక పావలా పెన్సిలు, ఒక నోటుబుక్కు తీసుకొని కూర్చోండి. (పావలా ఇప్పుడు చెల్లదు గాని మాట అలవాటు పోలేదు.) ముఖ్యమైన నంబర్లన్నీ వ్రాయండి. మన పెద్దలు నంబర్లను గోడ క్యాలెండరు వెనుక వ్రాసి ఉంచేవారు, వాటిని ఏ పోలీసూ పట్టుకొనిపోలేదు. ఫోనులో *#06# నొక్కితే 15 అంకెల ఐ.ఎమ్.ఇ.ఐ. నంబరు కనబడుతుంది. దానిని కూడా వ్రాయండి. ఫోను కొన్న బిల్లు, పెట్టె వెదకి ఒకచోట పెట్టండి. తరువాత కోర్టులో ఇది నాదే అని చూపుటకు అవి కావలసివస్తాయి.

ఫోనులో దేనినీ చెరపకూడదు. ఈ మాటను గట్టిగా చెబుతున్నాము. పోలీసులు చూస్తారేమోనని సిగ్గుపడి, భార్యాభర్తల మధ్య జరిగిన కోపపు మాటలను, చెల్లెలి సంగతులను చెరిపివేయుదురు. అట్లు చెరిపిన చోటును ల్యాబువారు కనిపెట్టినప్పుడు ఎదుటి లాయరు, “ఇది చెరిపినామె ఇంకేమి చెరిపిందో” అంటాడు. సాక్ష్యముగా కావలసిన ఎలక్ట్రానిక్ రికార్డును దాచిపెట్టుట కొరకు నాశనము చేయుట భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షను ప్రకారము నేరము కూడా. ఫోను ఇచ్చిన తరువాత, కొందరు తెలివిగల పిల్లలు చెప్పునట్లు, ఇంకొక ఫోనునుండి దూరమునుండే అంతా తుడిచివేయుట అసలే చేయరాదు. పోయిన ఫోనని చెప్పి బ్లాకు చేయించుట కూడా తగదు. అది పోలేదు, ఎక్కడున్నదో మనకు తెలుసు.

జప్తు పట్టీ వ్రాసి సాక్షులచేత సంతకము చేయించవలెనని, ఆ పనిని వీడియో తీయవలెనని 105వ సెక్షను చెబుతుంది. ఆ పట్టీలో ఫోను కంపెనీ, రంగు, ఐ.ఎమ్.ఇ.ఐ., లోపల సిమ్ ఉన్నదా, మెమరీ కార్డు ఉన్నదా, అద్దము పగిలియున్నదా అన్నవి ఉండేటట్టు చూచుకొనండి. సిమ్ తీసి ఇచ్చివేయుదురేమో అడగండి. ఇస్తే ఆ మాట కూడా వ్రాయించండి. కవరులో పెట్టి సీలు వేయమని అడుగుటలో తప్పు లేదు. పట్టీ నకలు, ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకోకుండ ఇంటికి రావద్దు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదిదారునికి ఉచితముగా ఇవ్వవలెనని 173వ సెక్షనులో ఉన్నది. వెంటబడి వేధించుట వంటి నేరములలో స్త్రీ చెప్పినదానిని మహిళా పోలీసు అధికారి వ్రాసుకొనవలెనని కూడా అక్కడే ఉన్నది. ఆమె లేకపోతే పిలిపించమని అడగండి.

ఫోనులోని కుటుంబ ఫొటోలను ఎవరెవరు చూస్తారో అన్న దిగులు అందరికీ ఉంటుంది. అది అర్థములేని దిగులు కాదు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టులో చెప్పింది. పోలీసులు ఫోనులు, కంప్యూటర్లు జప్తు చేయుటకు మార్గదర్శకములు ఉండవలెనని 2023 నవంబరులో అదే కోర్టు కేంద్ర ప్రభుత్వముతో అన్నది. కనుక “ఫలానా నంబరు మెసేజిలు, ఫలానా తేదీలనుండి ఫలానా తేదీలవరకు మాత్రమే కేసుకు సంబంధించినవి, మిగతావి నా సొంత విషయములు” అని మీరిచ్చు కాగితములో ఒక వాక్యము చేర్చండి. లాక్ నంబరు చెప్పవలసివస్తే, విచారణాధికారికి చెప్పినట్టు తేదీతో మీ నోటుబుక్కులో వ్రాసుకొనండి.

ఒక ఇంటి సంగతి

మా పాస్టరేటు గ్రామములలో ఒకదానిలో జరిగిన సంగతి ఇది. పేరు, ఊరు చెప్పము. ఆ సహోదరి ఇద్దరు బిడ్డల తల్లి, పొదుపు సంఘము లెక్కలు వ్రాయునది. భర్త హైదరాబాదులో సెంట్రింగు పనిలో ఉన్నాడు. రాత్రి పదిగంటల తరువాత తెలియని నంబరునుండి మెసేజిలు మొదలైనవి. బ్లాకు చేస్తే ఇంకొక నంబరు. ఒకనాడు ఆమె కట్టుకున్న చీర రంగు చెప్పి మెసేజి వచ్చింది. వాడు ఊరిలోనివాడేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. రెండు నెలలు ఎవరితోనూ అనలేదు. చివరకు అత్తగారితో చెప్పింది. అత్తగారు ఆమెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. మా అమ్మగారు వారిద్దరితో కలిసి స్టేషనుకు వెళ్లారు. ఫిర్యాదు వ్రాసుకున్నారు, ఫోను ఉంచుకున్నారు.

కష్టము ఆ తరువాతే వచ్చింది. భర్త ఫోను చేస్తే మరిదికి చేయాలి. మరిది పొలములో ఉంటే మాట లేదు. రెండవ దినమున భర్త తమ్మునితో, “ఎవర్నడిగి ఫోను ఇచ్చింది?” అన్నాడు. సంఘము సభ్యులు లెక్కలు ఎలాగని సణిగారు. బోరింగు దగ్గర నీళ్లకు వచ్చినవారు, “పోలీసుల దగ్గర ఫోనుందంటే అందులో ఏదో ఉండే ఉంటుందమ్మా” అన్నారు. వేధించినవాడు మెసేజిలతో చేసినదానిని ఊరు మాటలతో చేసింది. మాకు అట్లే తోచింది, అట్లే చెబుతున్నాము.

అప్పుడు నిలబడినది ఆ అత్తగారు. చదువు లేదు. బోరింగు దగ్గరే కొంగు బిగించి, “మా కోడలు దొంగతనం చేసి దొరికిపోలేదు. సాక్ష్యం ఇచ్చి వచ్చింది. మీ ఇంట్లో పిల్లకి జరిగితే మీరు దాచుకోండి” అని అందరికీ వినబడునట్లు అన్నదట. తన బొత్తాల ఫోను తీసి కోడలి చేతిలో పెట్టింది. “నాకెవరు చేస్తారే, నువ్వుంచుకో” అన్నది. కుమారుడు ఆ ఆదివారము ఇంటికి వచ్చినప్పుడు అతనితో ఏమి మాట్లాడిందో మాకు తెలియదు గాని, సోమవారము అతడు ఒక పూట పని మానుకొని భార్యతోకూడ స్టేషనుకు వెళ్లాడు.

మూడవ నెలలో నంబరు ఎవరిదో తేలింది. అప్పుడు అవతలి ఇంటి తరఫున ఇద్దరు పెద్దలు వచ్చారు. వారు తెచ్చిన బేరము వినండి: “నువ్వు రాజీకి సంతకం పెట్టమ్మా, నీ ఫోను వారంలో మేం తెప్పిస్తాం.” ఆమె ఫోను ఆమెకే లంచముగా ఇవ్వజూపుట! అలసిపోయిన ఇల్లు ఇటువంటి చోట లొంగిపోతుంది. వీరు లొంగలేదు. కారణము, అప్పటికి ఆ ఇంటివారు ఫోను లేకుండ బ్రదుకుట నేర్చుకున్నారు.

లేని దినములు గడుపుట

ఆ ఇంటివారు చేసినది, ఇతరులకు మేము చెప్పునది, కొంత ఇక్కడ వ్రాస్తున్నాము.

సిమ్ కూడా స్టేషనులోనే ఉండిపోతే ఆధార్ కార్డు, జప్తు పట్టీ నకలు తీసుకొని కంపెనీ దుకాణములో అదే నంబరుకు మరో సిమ్ తీసుకొనవచ్చును. అయితే ముందు విచారణాధికారికి చెప్పి చేయండి. క్రొత్త సిమ్ పనిచేయగానే పాతది ఆగిపోతుంది. మొదటి 24 గంటలు ఎస్.ఎమ్.ఎస్.లు రావు గనుక బ్యాంకు ఓ.టి.పి.లు కూడా రావు. కంగారుపడవద్దు. ఆ సిమ్‌ను బొత్తాల ఫోనులో వేసుకొనుట మేలు. మాటలు, ఓ.టి.పి.లు వస్తాయి. వాట్సాప్‌ను మాత్రము క్రొత్త ఫోనులో వెంటనే తెరువకండి. ఒక ఫోనులో తెరిస్తే పాత ఫోనులో అది మూసుకుంటుంది. సాక్ష్యము ఉన్నది ఆ పాతదానిలోనే గనుక అధికారి సరేనన్న తరువాతే తెరవండి.

వాడు అదే నంబరుకు మరల ఫోను చేయవచ్చును. జవాబియ్యకండి, తిట్టకండి. తేదీ, గంట, నంబరు, ఏమన్నాడో నోటుబుక్కులో వ్రాసి, మరుసటి దినమున స్టేషనులో ఇవ్వండి. స్త్రీకి ఇష్టము లేదని తెలిసియు మరల మరల వెంటబడుట 78వ సెక్షను ప్రకారము నేరము. మొదటిమారు 3 సంవత్సరముల వరకు, రెండవమారు 5 సంవత్సరముల వరకు శిక్ష ఉన్నది.

డబ్బు సంగతికి బ్యాంకుకే వెళ్లండి. పాసుబుక్కు ఇంకా చెల్లుతుంది, గుమాస్తా విసుగుకున్నా చెల్లుతుంది. పాత ఫోనులోని చెల్లింపుల యాప్‌ను ఆపమని బ్యాంకులో వ్రాసి ఇవ్వండి. గ్యాసు డీలరు దగ్గర బుక్ చేయవచ్చును. రేషనుకు వేలిముద్ర చాలును. బడి టీచరుగారికి చెప్పి పొరుగింటివారి ఫోనుకు కబురు పంపమనండి. పొదుపు సంఘము లెక్కలు ఆ సహోదరి మరల పెద్ద పుస్తకములో వ్రాయసాగింది. సభ్యులు ఇప్పుడు ఆ పుస్తకమే బాగున్నది, ఫోనులో మాకేమి కనబడేది అంటున్నారు.

ఇంటి మగవారికి ఒక మాట. ఫిర్యాదు ఇచ్చినది ఆమె, పోగొట్టుకొన్నదీ ఆమే కాకూడదు. ఇంటిలో రెండవ ఫోను ఉంటే అది ఆమె చేతిలో ఉండవలెను. మరిది ఫోను దగ్గర ఆమె నిలబడి భర్తతో మాట్లాడు స్థితి రాకూడదు. సంఘపెద్దలు ప్రార్థన చేసి పంపివేయక, స్టేషనుకు వెళ్లు దినమున ఒకరు తోడు వెళ్లండి. బస్సు చార్జీ అడుగుటకు ఆమె సిగ్గుపడుతుంది, మీరే ముందు ఇవ్వండి.

తిరిగి తెచ్చుకొనుట

లూకా సువార్త 18వ అధ్యాయములోని విధవరాలు న్యాయాధిపతి యొద్దకు మాటిమాటికి వెళ్లినది మన చదువరులందరికీ తెలుసు. ఈ పనిలో ఆ ఓపిక కావలెను గాని, ఎక్కడికి వెళ్లవలెనో తెలిసియుండుట మరింత అవసరము. స్టేషను రైటర్ దగ్గర నెలల తరబడి కూర్చున్నా, ఫోను కోర్టు ఉత్తరువు మీద తిరిగి వచ్చు వస్తువు. ఫోను ఇంకా పోలీసుల వద్దనే ఉంటే 503వ సెక్షను, కోర్టులో దాఖలైతే 497వ సెక్షను ప్రకారము మేజిస్ట్రేటు గారికి దరఖాస్తు పెట్టవలెను. జప్తు వస్తువులను అవసరమునకు మించి స్టేషనులో పడవేయరాదని, 15 దినములనుండి నెల వరకు చాలునని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. ఆ తీర్పులో ఎక్కువగా ఉన్నది బండ్లు, నగలు వంటివాటి సంగతి. ఫోను విషయములో సాక్ష్యము లోపల ఉన్నది గనుక ల్యాబు నకలు తీసేవరకు ఆగమని ప్రభుత్వ లాయరు అనవచ్చును. అయినను దరఖాస్తు పడితే, ఫోను ల్యాబుకు పంపారా, ఎప్పుడు పంపారు అన్నది కోర్టుకు చెప్పవలసివస్తుంది. అంతవరకు బీరువాలోనే ఉన్న ఫోను కదులుతుంది. మేము చెప్పిన ఇంటిలో అదే జరిగింది.

లాయరుకు డబ్బు లేదని ఆగిపోకండి. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలందరికీ, ఆదాయము ఎంత అని చూడకుండ, ఉచితముగా లాయరును ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు కూడా అంతే. దగ్గరి కోర్టు ఆవరణలోనే మండల న్యాయసేవా కమిటీ ఉంటుంది. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 దినములలోగా ఫిర్యాదిదారునికి తెలియజేయవలెనని 193వ సెక్షనులో ఉన్నది. ఆ 90వ దినమును క్యాలెండరు మీద గుర్తు పెట్టుకొని వెళ్లి అడగండి.

ఆ సహోదరి ఫోను అయిదవ నెల చివర వచ్చింది. మేజిస్ట్రేటు గారు పూచీకత్తు వ్రాయించుకొని, అమ్మరాదు, పిలిచినప్పుడు తేవలెను అని ఆజ్ఞాపించారు. తీసుకొనునప్పుడు కోర్టు కానిస్టేబులు ఎదుటనే ఐ.ఎమ్.ఇ.ఐ. సరిచూచుకున్నారు. బ్యాటరీ ఉబ్బియున్నది. ఆ మాట రసీదు మీద వ్రాయించారు. బ్యాటరీ మార్పించుటకు కోర్టును అడిగి, షాపువాడు “అంతా చెరిపి క్రొత్తగా చేసి ఇస్తానమ్మా” అంటే వద్దని, ఎదుట నిలబడి బ్యాటరీ మాత్రమే మార్పించుకొనివచ్చారు. ఇప్పుడు ఆ ఫోను ఎఫ్.ఐ.ఆర్. నకలుతో కలిపి ట్రంకుపెట్టెలో ఉన్నది. కేసు ఇంకా నడుచుచున్నది, వచ్చే వాయిదాకు ఆమె సాక్ష్యము. రోజువారీ మాటలకు అత్తగారి బొత్తాల ఫోనే వాడుచున్నది. అత్తగారు ఒకటిరెండుసార్లు దానిని తిరిగి అడిగిందట గాని, అంత గట్టిగా కాదు.